ఉద్యోగం, సంసారం ఉన్నవాడు కబ్బాలా చదవొచ్చా? 40 ఏళ్ళ నియమం, అర్ధరాత్రి చదువు

#1 తూర్పుగాలి
అందరికీ నమస్కారం. మొన్న యూదు గ్రంథాల మీద, వాళ్ళ మార్మిక విద్య అయిన కబ్బాలా మీద జరిగిన చర్చలో పాతపుస్తకం గారు ఒక మాట అన్నారు: "40 నిండనివాడు, అర్ధరాత్రి లేచి కూర్చోలేనివాడు కబ్బాలా జోలికి పోకపోవడమే మేలు." ఆ చర్చను అక్కడితో మూసేశారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

పగలంతా ఉద్యోగం, సాయంత్రం ఇల్లు, పిల్లలు ఉన్న మనిషికి ఆ సంప్రదాయం ఏం చెబుతుంది? రోజుకు ఎంతసేపు చదవాలి, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి, ఎక్కడ బెడిసికొడుతుంది? నేను ఆ సంప్రదాయంలో పుట్టినవాణ్ణి కాను, చదువరిని మాత్రమే. మూలగ్రంథాలు చూసినవాళ్ళు చెప్పండి. చేతికి ఎర్రదారం కట్టుకుంటే చాలని చెప్పేవాళ్ళు మాత్రం వద్దు.

#2 పాతపుస్తకం
ఆ మాట నా సొంతం కాదు, చరిత్ర నేర్పింది. 1665లో షబ్బెతై జ్వి అనే ఆయన్ను మెస్సయ్య అని ప్రకటించారు. 16వ శతాబ్దపు గురువు ఇస్సాక్ లూరియా నేర్పిన కబ్బాలా మాటల్లోనే ఆ ప్రచారం సాగింది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యెమెన్ దాకా జనం వ్యాపారాలు వదిలేసి ఎదురుచూశారు. 1666లో ఆయన ఒట్టోమన్ సుల్తాను ఎదుట ఇస్లాం పుచ్చుకున్నాడు. వందేళ్ళు తిరక్కముందే పోలండ్‌లో యాకోబ్ ఫ్రాంక్ అదే దారి పట్టి, పాపం చేయడమే విమోచన అని బోధించాడు. అందుకే 1756లో బ్రోడీలో రబ్బీలు కూడి కట్టడి చేశారు: 30 నిండనిదే కబ్బాలా మూలగ్రంథం జోహర్ ముట్టుకోకూడదు, 40 నిండనిదే లూరియా రచనలు ముట్టుకోకూడదు. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే క్రాకోవ్‌లో మోషే ఇస్సెర్లెస్ రాశాడు, ముందు "మాంసం, ద్రాక్షారసం"తో కడుపు నింపుకున్నాకే మార్మిక విద్య అనే ఆ తోటలో అడుగుపెట్టాలని. ఆ మాంసం, ద్రాక్షారసం ఏమిటంటే ఏది తగును, ఏది తగదు అనే ధర్మశాస్త్ర జ్ఞానం.

ఇక వేళ. లూరియా శిష్యులకు పెట్టిన నియమం తిక్కున్ హత్సోత్, అంటే అర్ధరాత్రి ప్రార్థన. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ సరిగ్గా మధ్య ఘడియ లెక్కగట్టి లేవాలి (హైదరాబాదులో ఏడాది పొడుగునా సుమారు 12, 12:30 మధ్య పడుతుంది). చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి, గుమ్మం పక్కన నేల మీద కూర్చోవాలి. నుదుట బూడిద పెట్టుకుని, కూలిపోయిన ఆలయం కోసం ఏడుస్తూ 137, 79 కీర్తనలు చదవాలి. అది రాహేలు భాగం. ఆ తర్వాత లేయా భాగం, అందులో విలాపం ఉండదు, తపన ఉంటుంది. ఆపైన తెల్లవారేదాకా చదువు. ఇది లేకుండా లూరియా పుస్తకం పట్టుకున్నవాడికి పేర్లు, పటాలు మిగులుతాయి, ఇంకేమీ మిగలదు. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సినవాడు ఇది చేయలేడు. చేయలేనిది మొదలుపెట్టకూడదు.

#3 గుంటూరుమిర్చి
40 నిండాలంటే లూరియా రాతలు లూరియానే చదవకూడదండీ. ఆయన 38కే పోయాడు.

#4 నిదానం
పాతపుస్తకం గారు చెప్పిన చరిత్ర నిజమే. కానీ ఆయన పోలండ్ కట్టడిని మొత్తం సంప్రదాయానికి అంటగడుతున్నారు.

ఇస్సాక్ లూరియా 1534లో యెరూషలేములో పుట్టి, ఈజిప్టులో పెరిగి, 1570లో గలిలయలోని సఫేద్ చేరాడు. 1572లో అక్కడే అంటువ్యాధికి బలయ్యాడు. ఆయన శిష్యుడు హయ్యిమ్ వితాల్ ఆయన దగ్గర కూర్చునేనాటికి ముప్పై కూడా లేవు. వీళ్ళిద్దరికంటే ముందు సఫేద్‌లో గురుపీఠం మీద ఉన్న మోషే కోర్దొవేరో ఇరవైలో మొదలుపెట్టాడు. కొత్తవాళ్ళ కోసం తాను రాసిన ప్రవేశికలోనూ ఇరవై చాలన్నాడు. హెబ్రోనులో స్థిరపడిన అబ్రహాము అజులాయి ఇంకా ముందుకు వెళ్ళి, పాత నిషేధానికి గడువు తీరిందనీ, 1540 నుంచి పెద్దా చిన్నా అందరూ జోహర్ చదవడమే మేలైన పని అనీ రాశాడు. మొరాకోలో మామూలు వర్తకులు, చేతిపనివాళ్ళు గుంపుగా కూర్చుని జోహర్ పైకి చదివేవాళ్ళు. బ్రోడీ రబ్బీలు తమ వాకిట్లో అంటుకున్న మంట ఆర్పడానికి రాసుకున్న నియమం అది. ఆ మంట లేనిచోట దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రెండో సంగతి. ఈ మనుషులు కొండగుహల్లో బతికినవాళ్ళు కారు. కైరో పాత సినగాగులో దొరికిన జెనీజా (పాత కాగితాలు పారేయకుండా దాచిన గది) కాగితాల్లో లూరియా చేతిరాతతో వ్యాపార పత్రాలున్నాయి. ఆయన మిరియాల వర్తకం చేశాడు. సఫేద్‌లోనే ఉన్న యోసేఫ్ కారో ఒకవైపు దివ్యవాణి తనతో పలికిన మాటలు దినచర్యలో రాసుకున్నాడు, మరోవైపు వంటింటి పాత్రల నుంచి బాకీ పత్రాల దాకా చట్టం చెప్పే షుల్హాన్ అరూఖ్ రాశాడు. ఒకే మనిషి, ఒకే చేయి.

తూర్పుగాలి గారూ, మీరు మొదలుపెట్టాల్సింది కోర్దొవేరో రాసిన తోమెర్ దెబోరా. పలుచని పుస్తకం, పది అధ్యాయాలు. పది సెఫిరోత్‌లు దేవుడి గుణాలైతే మనిషి వాటిని తన నడతలో ఎలా చూపాలి అన్నదే అందులో విషయం. మొదటి అధ్యాయంలో మీకా 7:18–20లోని పదమూడు కరుణా గుణాలు వస్తాయి. వారానికి ఒక్కటి తీసుకోండి. మొదటి గుణం, అవమానం భరించడం. నిన్ను అవమానిస్తున్న క్షణంలో కూడా ఎదుటివాడికి అందే మేలు ఆపకుండా ఉండడం. అది ఆఫీసులో చేసి చూపించండి, అర్ధరాత్రి సంగతి ఆ తర్వాత.

#5 పాతపుస్తకం
మినహాయింపును చూపించి నియమం కొట్టేయడం తేలిక. లూరియా 38కే పోయాడు కాబట్టి 40 నియమం తప్పు అంటారా? ఆ నియమం ఆయన కోసం పెట్టింది కాదు, ఆయన్ను చదివే మన కోసం.

మిరియాల వర్తకం అన్నారు. అదే లూరియా గురించి జీవితగాథలు ఇంకేం చెబుతాయో కూడా రాయాల్సింది. ఏళ్ళ తరబడి ఏకాంతంలో జోహర్ చదివాడు. అందులో చివరి కాలం నైలు ఒడ్డున ఒక ఇంట్లో గడిపాడు, సబ్బాతుకు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. వర్తకం చేస్తూ తీరిక వేళల్లో నేర్చుకున్న విద్య కాదది. మీరు కాగితాల్లో దొరికిన సగం జీవితం చూపించి, మిగతా సగం దాచిపెడుతున్నారు.

తోమెర్ దెబోరా మంచి పుస్తకమే, కానీ అది నీతి. పార్త్సూఫిమ్ అనే దివ్య రూపాలు, నాలుగు లోకాలు, పాత్రలు పగలడం, ఇవేవీ అందులో రావు. దాన్ని చదివి కబ్బాలా చదివాననుకోవడం పొరపాటు.

#6 మూడోకన్ను
ఇంత తర్జనభర్జన ఎందుకండీ. సంసారంలో ఉంటూ ఫలం మీద ఆశ లేకుండా పని చేయమని గీత చెప్పిందేగా. వీళ్ళూ అదే చెబుతున్నారు. అన్నీ ఒకటే.

#7 నిదానం
మూడోకన్ను గారూ, ఒకటి కాదు. ఇక్కడ తేడా చాలా పెద్దది.

లూరియా బోధలో సృష్టికి ముందు అనంతుడు తనను తాను కుదించుకుని చోటు చేశాడు. ఆ చోటులోకి వచ్చిన వెలుగును కింది పాత్రలు పట్టలేక పగిలాయి. పగిలిన పెంకులతో పాటు 288 వెలుగు రవ్వలు కింద పడ్డాయి, అవే తిండిలో, పనిముట్టులో, డబ్బులో చిక్కుకుని ఉన్నాయి. వాటిని విడిపించి పైకి పంపాల్సింది మనిషి చేసే పని. అంటే ఫలం మీద ఆశ వదులుకోవడం గురించి కాదు ఈ మాట. పనికి ఫలం ఉంది, అది పై లోకాల్లో మార్పు తెస్తుంది, అందుకే ఆ పని సరిగ్గా జరగాలి.

భోజనం తీసుకోండి. చేతులు కడుక్కోవడం, దీవెన పలకడం, రొట్టె ముక్కను ఉప్పులో మూడుసార్లు అద్దడం (ఇది లూరియా వాడుక), బల్ల దగ్గర ఒక తోరా (యూదు ధర్మగ్రంథం) మాట చెప్పుకోవడం, తిన్నాక కృతజ్ఞతా ప్రార్థన. ఇన్ని అంచెలు దేనికంటే, ఆ రొట్టెలోని రవ్వ పైకి పోవడానికి. తర్వాత 18వ శతాబ్దంలో, హసీదీ అనే భక్తి ఉద్యమానికి మూలపురుషుడైన బాల్ షెమ్ తోవ్ శిష్యులు దీన్నే దేహ వ్యవహారాలన్నింటికీ విస్తరించారు. హనోకు చెప్పులు కుట్టేవాడనీ, సూది దించిన ప్రతిసారీ పై లోకాన్ని కింది లోకంతో కలిపేవాడనీ ఒక పాత కథ ఉంది, వాళ్ళకు అది చాలా ఇష్టం.

బెడిసికొట్టేదీ ఇక్కడే. "నేను రవ్వలు లేపుతున్నా" అనుకుంటూ తిండిపోతుగా తినేవాళ్ళు తయారవుతారు. 1796లో అచ్చయిన తన్యా అనే పుస్తకంలో ఆ ఉద్యమపు గురువు ష్నెయూర్ జల్మన్ ఇది పసిగట్టాడు. తినదగిన తిండే అయినా కేవలం జిహ్వ కోసం తింటే దాని బలం కొంతకాలం పెంకు పక్షానికే, అంటే చెడుకే, పోతుందని ఏడో అధ్యాయంలో చెప్పాడు. ప్రార్థనలో వచ్చే పాడు ఆలోచనల్ని "లేవనెత్తే" పని మామూలువాడు పెట్టుకోకూడదు, అది సిద్ధపురుషుల పని, పక్కకు నెట్టి ముందుకు సాగమని 28వ అధ్యాయంలో చెప్పాడు. ఆయన రాసింది సిద్ధపురుషుడూ దుష్టుడూ కాని మధ్యస్థుడి కోసం. తూర్పుగాలి గారు అడిగిందీ ఆ మధ్యస్థుడి గురించే.

#8 గుంటూరుమిర్చి
ఒక చిన్నమాట. మన గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. పొలం పనులకు పోయే జనమే, సబ్బాతు చేసుకుంటారు. పగలంతా పనిచేసే వాళ్ళకు మతం ఎలా కుదురుతుందని ఇక్కడ అడిగేవాళ్ళు అది కూడా గుర్తుపెట్టుకోండి.

#9 చెంగల్వ
అందరూ గంటలు లెక్కపెడుతున్నారు. ఆ గంటలు ఎవరివి?

అర్ధరాత్రి లేచి తెల్లారేదాకా చదివినవాడు పొద్దున ఆరింటికి పిల్లల్ని లేపలేడు, ఆ పని ఇంకొకరి మీద పడుతుంది. మా ఇంట్లోనూ ఈ రాత్రి చదువు మొదలైంది కాబట్టే అడుగుతున్నా. పైన వ్యాఖ్యల్లో సుల్తాను ఉన్నాడు, పోలండ్ ఉంది, మిరియాలు ఉన్నాయి. భార్య మాత్రం లేదు.

రబ్బీల చర్చలన్నీ కూర్చిన తల్మూదుకు ఈ సంగతి బాగా తెలుసు. అందులో కెతుబోత్ అనే భాగం, 62బి పుటలో రవ్ రెహుమి కథ చూడండి. ఏడాదికి ఒక్కసారి, ప్రాయశ్చిత్త దినం ముందురోజు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. ఒక ఏడు పాఠంలో మునిగి ఆలస్యం చేశాడు. భార్య "ఇదిగో వస్తాడు, ఇదిగో వస్తాడు" అని చూసి చూసి కన్నీటిచుక్క రాల్చింది. అక్కడ ఆయన కూర్చున్న మిద్దె కూలి చనిపోయాడు. ఆయన చదువుతున్నది తోరాయే. అయినా కాపాడలేదు.

#10 పాతపుస్తకం
చెంగల్వ గారూ, ఇంటి తగువుల్ని గ్రంథం మీదకు తెస్తే చర్చ ఎక్కడికీ పోదు. మీరు ఒక కథ చెప్పారు, నేను రెండు చెబుతాను. రబ్బీ అకీబా నలభై ఏళ్ళ వయసులో అక్షరాలు మొదలుపెట్టి, ఇల్లు విడిచి పన్నెండేళ్ళు, ఆపైన ఇంకో పన్నెండేళ్ళు చదివాడు. ఆ తోటలోకి వెళ్ళిన నలుగురిలో బెన్ అజ్జై చనిపోయాడు, బెన్ జోమాకు మతి చెడింది, ఎలీషా విశ్వాసం వదిలేశాడు. క్షేమంగా వెళ్ళి క్షేమంగా వచ్చింది ఒక్క అకీబా. ఆ ఇరవైనాలుగేళ్ళు లేకపోతే అది జరిగేదా?

జోహర్ ఆదికాండం వ్యాఖ్యలో సూటిగా ఉంది: ప్రయాణం మీదో, తోరా చదువు కోసమో భార్యకు దూరంగా ఉన్నవాడి వెంట షెఖినా (దేవుని సన్నిధి) నడుస్తుంది. కోర్దొవేరో తోమెర్ దెబోరా తొమ్మిదో అధ్యాయంలో దీన్నే తిరిగి చెప్పాడు, వారమంతా చదువులో ఉండి దూరమైనవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకుని. నిదానం గారు సిఫార్సు చేసిన పుస్తకమే అది.

#11 చెంగల్వ
ఆ పుటను సగంలో ఆపేశారు. తర్వాతి వాక్యాలు నేను చెబుతాను.

ఇంటికి తిరిగి వచ్చినప్పుడు భార్యను సంతోషపెట్టడం అతని విధి అని అదే జోహర్ చెబుతుంది. ఎందుకంటే దారిలో ఆ తోడు దొరికింది ఆమె వల్లే. ఇల్లు ఉంది కాబట్టి షెఖినా వెంట వచ్చింది. పెళ్ళికాని మనిషిని జోహర్ సగం దేహం అంటుంది. స్త్రీపురుషులు కలిసి లేని చోట దేవుడు నివాసం పెట్టుకోడని కూడా అంటుంది. మీరు చెప్పిన తోమెర్ దెబోరా తొమ్మిదో అధ్యాయంలో అసలు బొమ్మ ఇది: మనిషి ఇద్దరు స్త్రీల మధ్య నిలబడి ఉన్నాడు. పైన షెఖినా అతనికి ఇస్తుంది, కింద భార్యకు తిండి, బట్ట, దాంపత్య సుఖం అతను ఇవ్వాలి. కిందికి ఇవ్వడం ఆపితే పైనుంచి రావడం ఆగుతుంది. ఇది నీతి ముచ్చట అంటారా, కబ్బాలా అంటారా? షెఖినాకు పేరైన చివరి సెఫిరా మల్ఖూత్ గురించి ఇంతకంటే సూటిగా ఎవరు రాశారు?

అకీబా సంగతి. చదువుకు పంపింది ఆయన భార్యే. పన్నెండేళ్ళయ్యాక గుమ్మం దగ్గర ఆయన విన్నది కూడా ఆమె మాటే: "నా మాట వింటే ఇంకో పన్నెండేళ్ళు చదవమంటాను." చివరికి వేలమంది శిష్యులతో వచ్చినప్పుడు ఆమెను నెట్టేయబోయిన వాళ్ళతో "నాదీ మీదీ అంతా ఆమెదే" అన్నాడు. తల్మూదుకు మూలమైన మిష్నాలో లెక్కలు కూడా ఉన్నాయి: కూలిపని చేసేవాడు వారం, విద్యార్థి ముప్పై రోజులు భార్య అనుమతి లేకుండా బయట ఉండవచ్చు. అంతకు మించితే ఆమె ఒప్పుకోవాలి. మీ పెద్ద పెద్ద రాతల్లో "ఆమెను అడిగాను" అనే మాట ఎక్కడైనా ఉందా?

#12 పాతపుస్తకం
మీకు కోపం ఒకరి మీద, చూపిస్తున్నది నా మీద. సరే, దాచకుండా చెబుతాను.

ఆత్మ పైకి ఎక్కేది చదువుతో, కవ్వనాతో, అంటే ప్రార్థనలో మనసు నిలిపే ధ్యానంతో. మిగతావన్నీ దానికి చోటు చేసే పనులు. సంసారం మోయాల్సిన బరువు, మోయాలి, ఎగ్గొట్టమని నేను ఎక్కడా అనలేదు. కానీ బరువు మోయడాన్నే మెట్లెక్కడం అనకండి. రబ్బీ షిమోన్ బార్ యోహై తల్మూదులోనే అడిగాడు కదా: దున్నే కాలంలో దున్ని, విత్తే కాలంలో విత్తి, కోసే కాలంలో కోసి, నూర్చే కాలంలో నూర్చుకుంటూ పోతే తోరా గతి ఏమిటి? ఆ ప్రశ్నకు మీ ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉన్నదల్లా "భార్యను బాగా చూసుకో, కోపం తెచ్చుకోకు". అది ఏ మతంలోనైనా చెబుతారు. అంతకోసం లూరియా ఎందుకు?

#13 నిర్వాహకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు ఇక్కడితో ఆపండి. ఒకరి ఇంటి విషయం గురించి ఇంకొకరు మాట్లాడవద్దు. విషయం మీద ఎంత గట్టిగా వాదించుకున్నా అభ్యంతరం లేదు.

#14 నిదానం
ఇంతసేపూ 40 ఏళ్ళ గురించి కొట్టుకున్నాం, అసలు తగువు ఇప్పుడు బయటపడింది. పాతపుస్తకం గారి ఉద్దేశంలో రోజువారీ బతుకు చదువుకు చోటు ఇవ్వాలి, అంతే దాని పని. నా ఉద్దేశంలో చదువు ఫలించేది ఆ బతుకులోనే.

రబ్బీ షిమోన్ ప్రశ్నకు జవాబు అదే పుటలో ఉందండీ. బెరఖోత్ 35బి. రబ్బీ ఇష్మాయేలు "పంట కూర్చుకో" అన్న వాక్యానికి పనీ చదువూ కలిపి చేయమని అర్థం చెప్పాడు. ఆ వాదం మీద తర్వాతి తరాల పండితుడు అబ్బయే తీర్పు ఇది: ఇష్మాయేలు చెప్పినట్టు చేసినవాళ్ళు చాలామంది నెగ్గారు, షిమోన్ చెప్పినట్టు చేసినవాళ్ళు చాలామంది నెగ్గలేదు. రావా అనే గురువు తన విద్యార్థులతో, కోతల నెల నీసానులోనూ, ద్రాక్ష, ఒలీవ గానుగలాడే నెల తిష్రీలోనూ నా దగ్గరకు రావద్దన్నాడు. ఆ రెండు నెలల్లో తిండిగింజలు సంపాదించుకుంటే మిగతా ఏడాదంతా బెంగ లేకుండా చదవొచ్చని. పాఠశాల పెద్దే బడి మూసి పొలానికి పంపాడు.

ఇక రబ్బీ షిమోన్ సొంత కథ, షబ్బత్ 33బి. రోమన్లకు భయపడి కొడుకుతో పన్నెండేళ్ళు గుహలో దాక్కున్నాడు. బయటికి వచ్చి దున్నుతున్న వాళ్ళను చూసి "శాశ్వత జీవితం వదిలి గడియ బతుకు పట్టుకున్నారు" అన్నాడు. చూపు పడినచోటల్లా కాలిపోయింది. అప్పుడు ఆకాశవాణి పలికింది: "నా లోకాన్ని నాశనం చేయడానికి వచ్చారా? మళ్ళీ గుహకే పొండి." ఇంకో పన్నెండు నెలలు లోపలే ఉన్నారు. ఈసారి వచ్చేసరికి సబ్బాతు మొదలయ్యే శుక్రవారం పొద్దు వాలే వేళ. ఒక ముసలాయన రెండు సుగంధపు కొమ్మల కట్టలు పట్టుకుని పరుగెడుతున్నాడు. ఎందుకంటే సబ్బాతు గౌరవార్థం, ఒకటి "జ్ఞాపకం ఉంచుకో" అన్న ఆజ్ఞకు, ఒకటి "ఆచరించు" అన్న ఆజ్ఞకు. వాళ్ళ మనసు అప్పుడు కుదుటపడింది. చూడండి, పన్నెండేళ్ళ చదువుతో కళ్ళకు కాల్చే గుణం వచ్చింది. అది చల్లారడానికి ఆఖరి పన్నెండు నెలలూ, ఆ ముసలాయన చేతిలోని కొమ్మలూ కావలసివచ్చాయి. జోహర్ తనకు మూలపురుషుడిగా చెప్పుకునేది ఈ షిమోన్‌నే.

"అంతకోసం లూరియా ఎందుకు" అన్నారు. వితాల్ స్వయంగా రాసిపెట్టింది చెబుతాను. పనివాడి కూలి పొద్దు కుంకకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండం 24:15 చెబుతుంది. కూలి ఇవ్వాల్సిన రోజున చేతిలో డబ్బు లేకపోతే, లూరియా సాయంకాల ప్రార్థన ఆపి, పొద్దు వాలిపోతున్నా సరే, ముందు డబ్బు వెతికి కూలి ఇచ్చి ఆ తర్వాతే ప్రార్థనకు నిలబడేవాడు. ఇలాంటి ఆజ్ఞ చేతికి వచ్చి ఉండగా దేవుడి ముందు ఎలా నిలబడను అనేవాడు. ప్రతి అక్షరానికీ కవ్వనా చెప్పిన మనిషి, ఆ ప్రార్థనని ఒక కూలివాడి కోసం ఆపాడు. ఇంకోటి. వితాల్ తమ్ముడికి పాఠం చెబుతూ, అతనికి పాఠం ఒంటబట్టకపోతే కోప్పడేవాడు. లూరియా అది కూడా వద్దని గట్టిగా మందలించాడు. కోపం వచ్చిన క్షణంలో మనిషి తన ఆత్మనే పోగొట్టుకుంటాడనీ, మిగతా పాపాలు ఒక్కో అవయవాన్ని దెబ్బతీస్తే కోపం మొత్తాన్ని తీసుకుపోతుందనీ ఆయన బోధ.

#15 పాతపుస్తకం
కూలి కథ నాకూ తెలుసు, దాని ముందు తలవంచుతాను. కానీ కూలి ఇచ్చాక ఏం చేశాడు? ప్రార్థనకు నిలబడ్డాడు. కూలి ఇస్తే ప్రార్థన అయిపోయిందని అనలేదు. యెరూషలేములో 1737లో మొదలైన బేత్ ఎల్ యెషివాలో (యూదు పాఠశాల), యెమెన్ నుంచి వచ్చిన షాలోమ్ షరాబీ కూర్చిన ప్రార్థన పుస్తకం తెరిచి చూడండి. ఒక్క దీవెనకే పుటలు పుటలు. అది నేర్వడానికి ఏళ్ళు పడుతుంది. కూలి ఇవ్వడం ద్వారా అది రాదు. గుహలోని ఆ పన్నెండేళ్ళు లేకపోతే ఆఖరి పన్నెండు నెలలకు అర్థమే లేదు. మీరు ముగింపు మాత్రమే తీసుకుంటున్నారు.

#16 మూడోకన్ను
ఇప్పుడు తేడా అర్థమైంది. ఆ 288 రవ్వల సంగతి నాకు కొత్త.

#17 తూర్పుగాలి
రెండు పక్షాలూ అర్థమయ్యాయి. చేతిలో రోజుకు ముప్పావు గంట ఉన్నవాడు రేపటి నుంచి ఏం చేయాలి? ఆ ఒక్కటీ ఎవరైనా చెప్పండి.

#18 చెంగల్వ
చెబుతాను. మీరు ఆ విధులకు కట్టుబడినవాళ్ళు కారు కాబట్టి బూడిద, కీర్తనలు అనుకరించకండి. నడత భాగం ఎవరికైనా వర్తిస్తుంది.

పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు. దీనికి ఆధారం మెనహోత్ 99బి: పొద్దున ఒక అధ్యాయం, సాయంత్రం ఒక అధ్యాయం చదివినా "పగలూ రాత్రీ ధ్యానించు" అన్న మాట నెరవేరినట్టే. వేళ మాత్రం కదలకూడదు. చనిపోయినవాణ్ణి తీర్పులో అడిగే ప్రశ్నల వరుస షబ్బత్ 31ఎలో ఉంది. మొదటిది: వ్యాపారంలో నిజాయితీగా ఉన్నావా? రెండోది: చదువుకు వేళ పెట్టుకున్నావా? ఎంత చదివావు అని కాదు, వేళ పెట్టుకున్నావా అని.

పొద్దున పుస్తకం తెరిచేముందు లూరియా చెప్పిన పని ఒకటి: "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించు" అన్న లేవీయకాండం 19:18 ఆజ్ఞను ఆ రోజుకు మీద వేసుకోవడం. అది పెదవులతో అనేసి వదలకండి. ఆ రోజు మీకు ఎదురుపడబోయే ఒక మనిషిని, పేరుతో, మనసులోకి తెచ్చుకోండి. తర్వాత తోమెర్ దెబోరా ఒక పేరా. రాత్రి అదే పేరా మళ్ళీ చదివి, పగలు ఎక్కడ పాటించారో, ఎక్కడ తప్పారో చూసుకోండి.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, పండక్కి సెలవు దొరగ్గానే మూడు గంటలు కూర్చుంటారు. ఆ రుచి మరిగాక ఇరవై నిమిషాలు చప్పగా అనిపించి మానేస్తారు. సెలవు రోజున కూడా ఇరవై నిమిషాలే. ఏదైనా రోజు పొద్దున తప్పితే అది అప్పు, ఆ రాత్రే తీర్చాలి. షుల్హాన్ అరూఖ్‌లో ఇది చట్టంగానే ఉంది. రవ్ అహా బార్ యాకోబ్ పగటి చదువును అప్పు తీసుకుని రాత్రి తీర్చేవాడు. మర్నాటికి మోసుకుపోకండి, పేరుకుంటే తీరదు.

ఏ వేళైనా సరే, ఇంట్లోవాళ్ళను అడిగి పెట్టుకోండి.

#19 నిదానం
దీనికి ఓమెర్ లెక్క కలపండి. పస్కా రెండో రాత్రి నుంచి వారాల పండుగ దాకా 49 రోజులు, ఏడు వారాలు. ఒక్కో వారం ఒక్కో సెఫిరాది. మొదటి వారం హెసెద్, అంటే ఇవ్వడం. రెండోది గెవురా, అంటే హద్దు. తర్వాత తిఫెరెత్, నెత్సాహ్, హోద్, యెసోద్, మల్ఖూత్. ఒక్కో వారంలో ఏడు రోజులకూ ఇవే ఏడు లోపల తిరుగుతాయి. రెండో రోజు హెసెద్‌లో గెవురా. పిల్లవాడు అడిగిందల్లా కొనివ్వకుండా, ఏం ఇవ్వాలో ఎంత ఇవ్వాలో తెలిసి ఇవ్వడం. ఎనిమిదో రోజు తిరగబడి గెవురాలో హెసెద్. కాదని చెప్పాల్సిన మాటను ప్రేమతో చెప్పడం. సంప్రదాయంలో చీకటి పడ్డాక దీవెనతో లెక్కపెడతారు. ఒక రాత్రి మరిచిపోతే మర్నాటి పగలు దీవెన లేకుండా లెక్కపెట్టవచ్చు. పగలు కూడా మరిచిపోతే మిగతా రోజులన్నీ దీవెన లేకుండానే సాగించాలి, కానీ ఆపకూడదు.

#20 పాతపుస్తకం
తూర్పుగాలి గారూ, చెంగల్వ గారు చెప్పిన పద్ధతి నడత కోసం బాగుంది, దానికి నా అభ్యంతరం లేదు. అది కబ్బాలా చదువు అన్నదానికే అభ్యంతరం, అది అలాగే ఉంది. ఒక మాట కలుపుతాను. రాహేలు భాగం దాటిపోయినా, లేయా భాగం తెల్లవారేదాకా చదవవచ్చు. అందుకని ఆ సంప్రదాయంలోనే చాలామంది అర్ధరాత్రి బదులు తెల్లవారుజామున లేస్తారు. మీ పొద్దుటి ఇరవై నిమిషాలు సూర్యోదయానికి ముందు పడేట్టు చూసుకోండి. తోమెర్ దెబోరా పూర్తయ్యాక లూరియా వైపు పోకండి. కోర్దొవేరోదే ఆ ప్రవేశిక, ఓర్ నెఎరవ్, అది చదవండి. అది కూడా ఒంటరిగా వద్దు, తెలిసినవాళ్ళ దగ్గర కూర్చుని చదవండి.

#21 చెంగల్వ
తెల్లవారుజాము అంటే మా ఊళ్ళో నాలుగున్నర. ఆరింటికల్లా పుస్తకం మూసేయగలిగితే నాకూ అభ్యంతరం లేదు.

#22 తూర్పుగాలి
ఇంట్లో అడిగాను. పొద్దున అయిదున్నర నుంచి అయిదూ యాభై దాకా సరేనన్నారు, ఆ వేళకి పాలవాడు వస్తే తీసుకోవాల్సింది నేనే. మొదటి గుణంతో మొదలుపెడుతున్నా. రెండో గుణం దగ్గరకు వచ్చాక ప్రశ్నలుంటే ఇక్కడే రాస్తాను.